వల్లె వేసిన త్రిభుజాలు

రామచంద్రపురం,
3 జూలై 1899

చిరంజీవి సౌభాగ్యవతి హైమవతిని అన్న కామేశం దీవించి రాయునది.

ఇక్కడ మీ వదినా, పిల్లలు ముగ్గురూ, నేనూ కులాసా. అక్కడ నువ్వూ, మీ అత్తగారు సంపూర్ణమ్మగారూ క్షేమమనీ, మద్రాసులో ప్లీడరీ చదువుతున్న బావగారి దగ్గర్నుంచి ఉత్తరాలు సక్రమంగా అందుతున్నాయనీ తలుస్తాను.

అసలు సంగతికి వస్తాను. మా మిడిల్ స్కూల్లో క్షేత్రగణితం చెప్పే పంతులుగారు కాకినాడ వెళ్లిపోయారు. స్కూలు మేనేజరు వీరభద్రంగారు ఆ పాఠం తెచ్చి నా నెత్తిన పెట్టారు. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. కూడికలూ తీసివేతలూ అయితే ఏదో నెట్టుకొస్తాను. ఈ కోణాలూ వృత్తాలూ నేను చదువుకున్న రోజుల్లో ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా మా పిల్లలు ఆ ఒక్క పరీక్షలోనే తప్పుతున్నారు. డిసెంబరులో మళ్లీ పరీక్ష. దానికి ముందు సెప్టెంబరులో ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తారు. ఈసారి కూడా ఇలాగే అయితే నన్ను రెండో తరగతికి దింపేస్తానని వీరభద్రంగారు నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే జరుగుతాయి.

నువ్వు మద్రాసు కాలేజీలో ఎఫ్.ఏ. దాకా చదివావు. ఇప్పుడు ఆడపిల్లల బడిలో ఈ పాఠమే చెబుతున్నావు. ఆడదానికి అంత చదువెందుకని అప్పట్లో నేనే అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోను గాని, ఆ చదువేదో ఇప్పుడు అన్నకి అక్కరకొస్తే నీకూ సంతోషమే కదా. మొదట్నుంచీ పునశ్చరణ చేయించడానికి వీలుగా, తేలిక తెలుగులో, కాగితాలు రాసి పంపించు. ఇరవై ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఒకడు పదిహేడేళ్లవాడు, మీసాలొచ్చినవాడు. వాడి సంగతి వదిలెయ్.

ఇట్లు నీ మేలు కోరే
అన్న కామేశం


రాజమహేంద్రవరం,
11 జూలై 1899

అన్నయ్యగారికి హైమ నమస్కరించి రాసుకునేది.

పొగడ్తనీ తిట్టునీ ఒకే వాక్యంలో సర్దడం మీకొక్కరికే వచ్చు. అయినా అడిగింది మీరు కనుక, నా తరగతి పద్నాలుగు మంది పిల్లలకీ చెప్పిందే పన్నెండు కాగితాల్లో రాసి పంపుతున్నాను. బిందువు దగ్గర మొదలుపెట్టి గీతలు, కోణాలు, సమాంతర రేఖలు, త్రిభుజాలు, నాలుగు భుజాల బొమ్మల దాకా ఉంది. వృత్తం రాయలేదు. దానికి ఇప్పట్లో మీ పిల్లలకి వ్యవధి చాలదు.

ఇవి ఎలా చెప్పాలో కూడా వినండి. బొమ్మల పక్కన నేను అక్షరాలు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. ఏ, బీ, సీ అని రాసిన మరుక్షణం పిల్లవాడు బొమ్మ చూడ్డం మానేసి అక్షరాలు చదువుతాడు. ఒకే త్రిభుజాన్ని ఆరు రకాలుగా తిప్పి గీశాను. ఎటు తిప్పినా దాని గుణం మారదని వాళ్లంతట వాళ్లు పట్టుకోవాలి. అప్పజెప్పించుకోవడం కాదు, "ఎందుకు?" అని అడగండి. జవాబు రాకపోతే ఊరుకోండి. మర్నాడు మళ్లీ అడగండి.

ఇక్కడ గోదావరిలో రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్నాయి. సమాంతరం అంటే ఏంటని అడిగితే మా పిల్లలు కిటికీలోంచి వాటిని చూపిస్తారు. మా బడి పెద్దలు క్షేత్రగణితం తీసేసి ఆ గంటలో లేసు అల్లిక పెట్టమన్నారు. అల్లిక అయ్యాక ఇంకో గంట ఉండి చెబుతానని వాళ్ల నోరు మూయించాను. అంత పోట్లాడి నిలబెట్టుకున్న పాఠం ఇది. మీ చేతిలో పెడుతున్నాను.

మీసాలొచ్చినవాడి సంగతి వదిలెయ్యమన్నారు. ఎందుకు వదలాలి? అతనికీ ఇదే పాఠం కదా.

మీ చెల్లెలు
హైమవతి


రామచంద్రపురం,
24 జూలై 1899

చి.సౌ. హైమవతికి దీవెనలు.

కాగితాలు అందాయి. భేషుగ్గా ఉన్నాయి. కొంచెం సవరించుకున్నాను.

దారిలో తపాలా సంచీ తడిసిందో, అత్తవారింటి పనుల్లో నువ్వు తొందరపడ్డావో, త్రిభుజాలు కొన్ని తలకిందులుగా పడ్డాయి, కొన్ని పక్కకి ఒరిగిపోయాయి. ఏం ఫరవాలేదు. అన్నిటికీ కలిపి నల్లబల్ల మీద ఒక్కటే, అడుగున బల్లపరుపు గీతా, పైన కొనా వచ్చేలా చక్కగా నిలబెట్టి గీయించాను. నువ్వు మరిచిపోయిన అక్షరాలు కూడా పెట్టించాను.

ఇక చెప్పే పద్ధతి. నాన్నగారు శిష్యులకి వేదం సంత చెప్పేవారు, గుర్తుందా? ఆయన ఒక ముక్క అంటే వాళ్లు రెండేసిసార్లు అనేవారు. అలా నోటికొచ్చింది చచ్చేదాకా పోదు. నీ పాఠాన్నీ అలాగే ముక్కలు చేశాను. స్వరం కూడా అద్భుతంగా కుదిరింది. "ఏబీసీ త్రిభుజమునందు" దగ్గర గొంతు కిందికి, "సమానము" దగ్గర పైకి. పొద్దున్నే ఇరవై ఇద్దరూ అందుకుంటే వీధిలో వెళ్లేవాళ్లు ఆగి వింటున్నారు.

ఇరవై మూడోవాడు నువ్వడిగిన మీసాలవాడు. పేరు అమ్మిరాజు. కోటిపల్లి రేవులో చేపలు పట్టే పల్లంరాజు కొడుకు. ఇక్కడ కాలవగట్టున చేపలమ్ముకునే మేనత్త పెద్దింట్లమ్మ ఇంట్లో ఉండి చదువుతున్నాడు. సంత మన వేదం స్వరంతో సాగుతోంది. ఆ పిల్లవాడూ గొంతు కలిపితే మిగతావాళ్ల తండ్రులు గొడవ చేస్తారు. అందుకని ఆ గంటకి వరండా బల్ల మీద కూర్చోబెడుతున్నాను. నీ అసలు కాగితాలతో నాకు పనిలేదు కనుక వాడికి పడేశాను. ఏదో చూసి గీసుకుంటున్నాడు.

నీ అన్న
కామేశం


రాజమహేంద్రవరం,
2 ఆగస్టు 1899

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి నిలబడి చదివాను, కూర్చోబుద్ధి కాక.

నా త్రిభుజాలు తడవలేదు. ఒరగలేదు. నేను తొందరపడలేదు. ఎందుకు తిప్పి గీశానో ఉత్తరంలో విడమరిచి రాశాను. మీరు కాగితాలు చదివారు గాని ఉత్తరం చదవలేదు, లేదా చదివి, ఆడపిల్ల రాసింది కదా అని నవ్వుకున్నారు. ఈ రెంటిలో ఏది తక్కువ అవమానమో మీరే చెప్పండి.

నాన్నగారు చెప్పింది వేదం. అందులో ఒక్క అక్షరం కదిలితే తప్పు. ఇందులో అక్షరాలన్నీ మార్చేసినా ఏమీ కాదు. ఆ గొప్ప తెలుసుకోవడమే పాఠం. మీరు చేసిందేంటంటే, కళ్లతో చూడాల్సినదాన్ని కళ్లు మూసుకుని పాడిస్తున్నారు. ఒక్క పని చేయండి. ఇవాళే బల్ల మీద బొమ్మ తుడిపించి, కొన కిందికి వచ్చేలా గీసి, అదే ప్రశ్న అడగండి. మీకే తెలుస్తుంది.

ఇక వరండా సంగతి. అమ్మిరాజు గొంతు తగిలితే ఏ కోణం మైలపడుతుంది అన్నయ్యగారూ? ఏబీసీనా, సీబీఏనా? అందరిలో పెద్దవాణ్ణి, చదువుకోవాలని ఊరు విడిచి వచ్చినవాణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టి కాగితాలు "పడేశారా"?

మొన్న మీ ఇన్‌స్పెక్టరుగారే మా బడికీ వచ్చారు. గోడకి అంటించిన నా బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డారు. నాతో ఏమీ అనలేదు. ఆయన కళ్లు బాగానే పనిచేస్తాయి. జాగ్రత్త.

ఇది రాస్తుంటే కలం చప్పుడు విని మా అత్తగారు వచ్చారు. "ఎవర్ని తిడుతున్నావే?" అన్నారు. "మా అన్నయ్యనండి" అన్నాను. "ఉత్తరంలోనే కదా, కానీ. ఇరుగుపొరుగుకి వినపడదు" అని వెళ్లి పప్పు రుబ్బుకున్నారు.

హైమవతి


రామచంద్రపురం,
20 ఆగస్టు 1899

చి.సౌ. హైమవతికి,

వరదకి ధవళేశ్వరం దగ్గర పడవలు ఆగిపోయి నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. ఇంకో పదిరోజులు ఆలస్యమైనా బాగుండేది.

అమ్మిరాజుని ఈ స్కూల్లో చేర్చుకున్నది ఎవరనుకున్నావు? నేను. రెండేళ్ల కింద పెద్దింట్లమ్మ వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, "అయ్యగారూ, వీడికి నీళ్ల లెక్క తెలుసండి, కాగితం లెక్క తెల్దండి" అని గుమ్మం దగ్గర నిలబడితే, వీరభద్రంగారు పంపించెయ్యమన్నారు. ఎనిమిది మంది తండ్రులు సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. ఆ అర్జీ చింపింది నేను. "ఇక ఇదెందుకు?" అని నా బల్ల మీద జందెం పడేసి వెళ్లినవాడు కూడా ఉన్నాడు. అప్పుడు నువ్వు మద్రాసులో పుస్తకాలు చదువుకుంటున్నావు. కాలవల డిపార్టుమెంటులో నీటిమట్టాలు కొలిచే పనిలో చేరాలని వాడి ఆశ. దానికి మిడిల్ స్కూలు పరీక్ష కావాలి, పద్దెనిమిది నిండకూడదు. ఈ డిసెంబరే వాడికి ఆఖరిది. అదీ నాకు తెలుసు. గంటసేపు వరండాలో కూర్చుంటే ఏం అరిగిపోడు. వాణ్ణి స్కూల్లో నిలబెట్టుకోవడానికే ఆ వరండా.

సంత విని వీరభద్రంగారు మురిసిపోయారు. "ఈ పాఠం ఎవరు కట్టారండీ?" అన్నారు. నేనే కట్టానన్నాను. నలుగురు మగవాళ్లున్న చోట ఇంటి ఆడపిల్ల పేరు ఎత్తడం మర్యాద కాదు కదా.

త్రిభుజం మాత్రం తలకిందులుగా గీయను. వచ్చినదాన్ని చెడగొట్టుకునే తెలివితక్కువవాణ్ణి కాను.

కామేశం


రాజమహేంద్రవరం,
29 ఆగస్టు 1899

అన్నయ్యగారికి,

అమ్మిరాజు విషయంలో తెలియక అన్నాను. అర్జీ చింపిన సంగతి మీరెప్పుడూ చెప్పలేదు. ఆ మాటవరకూ వెనక్కి తీసుకుంటున్నాను, మీలా కాకుండా.

కాని ఎనిమిది మందికి జంకకుండా లోపలికి తెచ్చినవాణ్ణి, మీ పాట కోసం మీరే బయటపెట్టారు. అది వెనక్కి తీసుకోను.

నా పేరు ఎత్తడం మర్యాద కాదు, నా రాత మీదని చెప్పుకోవడం మాత్రం మర్యాద. దీనికి జవాబు రాయాలని మూడు కాగితాలు పాడుచేశాను. ఇంట్లో కాగితాలైపోతున్నాయి. పేరు మీరే ఉంచుకోండి. బొమ్మ తిప్పండి. బతిమాలుతున్నాను.

హైమవతి


రామచంద్రపురం,
16 సెప్టెంబరు 1899

హైమవతికి,

నీ కోరిక తీరింది.

ఇన్‌స్పెక్టరుగారు మొన్న వచ్చారు. రెండు భుజాలు సమానమైన త్రిభుజంలో వాటికెదురుగా ఉన్న కోణాలు కూడా సమానమన్న పాఠం మా ఇరవై ఇద్దరూ ఆదినుంచీ చివరిదాకా ఒకే గొంతుతో అప్పజెప్పారు. వీరభద్రంగారికి కళ్లు చెమర్చాయి. అప్పుడా పెద్దమనిషి లేచి, తనే తడిగుడ్డతో బల్ల తుడిచి, కొన కిందికీ గీత పైకీ పెట్టి గీశాడు. అక్షరాలు లేవు. "ఇందులో ఏ రెండు కోణాలు సమానం?" అన్నాడు.

ఇరవై ఇద్దరూ మెడలు పక్కకి వంచి చూశారు. చివరికి తరగతిలో మొదటివాడు వీరవెంకటసత్యనారాయణ లేచి, "అది త్రిభుజం కాదండి, పడిపోయిందండి" అన్నాడు.

"సరే, నాలుగు భుజాలూ సమానంగా ఉన్న బొమ్మ చతురస్రమేనా?"

"చతురస్రమేనండీ!" అని ఇరవై ఇద్దరూ. స్వరంతో సహా.

వరండాలోంచి "కాదండి" అని వినబడింది.

"ఎవరది?"

"ఆయ్, అమ్మిరాజునండి."

"ఎందుకు కాదు?"

"వల కన్ను చూడండి. నాలుగు దారాలూ ఒక్కటే కొలతండి. లాగితే సన్నగా అయిపోద్దండి, వదిల్తే వెడల్పవుద్దండి. దారాలు మారలేదు, మూలలు మారిపోయినాయండి."

వాణ్ణి లోపలికి పిలిచి సుద్దముక్క చేతికిచ్చాడు. పడిపోయిన త్రిభుజం కూడా వాడే చెప్పాడు. వెళ్తూ స్కూలు పుస్తకంలో ఇన్‌స్పెక్టరుగారు ఏం రాశాడో తెలుసా? "చిలకలు ఇరవై రెండు, విద్యార్థి ఒకడు." వీరభద్రంగారు అది నాచేత పైకి చదివించారు.

నాకొక్కటి చెప్పు. ఆ తలకిందుల త్రిభుజం ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ ఏడో కాగితంలో ఉన్నదే. మీ బడి గోడ మీద ఉన్నదే. "జాగ్రత్త" అని నువ్వే రాశావు. నీ మాట చెల్లించుకోవడానికి ఆయనతో చెప్పి, నన్ను నా పిల్లల ముందు నవ్వులపాలు చేశావు. నీ కాగితాల్లోనే అమ్మిరాజుకి జవాబులూ ముందే అందాయి.

పరీక్షకి పంపేవాళ్ల జాబితా నిన్న రాశాను. అందులో అమ్మిరాజు పేరు లేదు.

కామేశం


రాజమహేంద్రవరం,
20 సెప్టెంబరు 1899

అన్నయ్యగారికి,

నేను ఆ ఇన్‌స్పెక్టరుగారితో నమస్కారం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మా బడిలో ఉన్నంతసేపూ మా ఆయా లోవలక్ష్మి నా పక్కనే నిలబడి ఉంది. మగవాళ్లొస్తే నేనొక్కదాన్నీ ఉండకూడదని మా బడి కట్టడి. కావాలంటే ఆమెను అడిగించుకోండి. బొమ్మ తిప్పి అడగడానికి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లలకి పాఠం అర్థమైందో లేదో చూడాలనుకున్న ఎవడైనా మొదట చేసే పని అదే. మీరు తప్ప.

వల కన్ను నా కాగితాల్లో ఎక్కడుందో చూపించండి. పన్నెండూ వెతకండి. నేను పుట్టి బుద్ధెరిగాక వల పట్టుకుని చూడలేదు. అది అతని సొంతం. మీ ఇరవై ఇద్దరికి మీరు నోరిచ్చారు. అతనికి ఏమీ ఇవ్వలేదు కనుక కళ్లు మిగిలాయి. మీ బడి పరువు ఆ పూట నిలబెట్టినవాడు అతనొక్కడు. అతని పేరే కొట్టేశారు.

నా మీద కోపం ఉంటే నన్ను తిట్టండి. నాలుగు ఉత్తరాల్నుంచీ అదే జరుగుతోంది, అలవాటైపోయింది. జాబితా పదో అక్టోబరు లోగా కాకినాడ చేరితే చాలు. ఇంకా మీ దగ్గరే ఉంటుంది. పేరు చేర్చండి. వాడి ఆఖరి డిసెంబరు ఇది అని నాకు రాసింది మీరు.

హైమవతి


రామచంద్రపురం,
28 సెప్టెంబరు 1899

హైమవతికి,

పెద్దవాణ్ణి, దారి నేనే చూపిస్తున్నాను. "ఇన్‌స్పెక్టరుగారితో ఆ ప్రశ్న ముందుగా నేనే ప్రస్తావించాను, అన్నగారు క్షమించాలి" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు. వీరభద్రంగారికి చూపిస్తాను. నా పాఠంలో లోపం లేదని తేలుతుంది. ఆ మర్నాడే వాడి పేరు చేరుస్తాను. నీకు పోయేదేమీ లేదు. రాజమహేంద్రవరంలో ఎవరికీ తెలియదు.

కామేశం


రాజమహేంద్రవరం,
2 అక్టోబరు 1899

అన్నయ్యగారికి,

ఆ రెండు ముక్కలూ రాశాను. నిజంగానే రాశాను. సంతకం కూడా పెట్టాను. అమ్మిరాజు పాసై ఉద్యోగంలో చేరితే, చేయని తప్పు ఒకటి నా మీద ఉంటే ఉండనీ అనుకున్నాను.

మడత పెట్టబోతుంటే తట్టింది. ప్రశ్న ముందే బయటికి పొక్కిందని నేను రాస్తే, నా కాగితాలు అతని దగ్గరే ఉన్నాయి కనుక ఆ జవాబు అతనిది కాకుండా పోతుంది. నా కాగితం నిజమైతే అతను దొంగ. మీ పరువు కోసం నేను అబద్ధమాడితే, అతను జీవితంలో పైకి పలికిన మొదటి మాట దొంగతనమవుతుంది. చింపేశాను.

విచారిస్తే తెలిసింది, స్కూలు పంపకపోయినా ప్రైవేటుగా పరీక్షకి కట్టొచ్చట. దానికి గడువు ఇరవయ్యో తారీఖు. కాగితం తెప్పించాను. దాంట్లో రెండు గడులున్నాయి. ఒకటి, పాఠం చెప్పినవారి పేరూ సంతకమూ. రెండు, అతను చదివిన స్కూలు పంతులుగారు నడవడికి ఇచ్చే సంతకం. మొదటి గడిలో నా పేరు రాయదల్చుకున్నాను. అతను నేర్చుకున్నది నా కాగితాలు చూసే కనుక అది నిజం. ఆ గడి చూసినవాళ్లు ఆ పాఠం ఎవరు కట్టారో తెలుసుకుంటారు, అదీ నిజం. రెండో గడి మీది.

అలా జరగకూడదనుకుంటే పదో తారీఖు లోగా జాబితాలో పేరు చేర్చండి. అప్పుడు ఏ గడితోనూ పని ఉండదు. ఆ కాగితాలు మీవనే అనుకుంటారు అందరూ. నేను నోరు విప్పను. పెద్దింట్లమ్మకి కబురు పెట్టాను, అతన్ని నా దగ్గరికి పంపమని.

హైమవతి


రామచంద్రపురం,
7 అక్టోబరు 1899

హైమవతికి,

బెదిరిస్తున్నావా? అన్నని?

నీ పేరు ఆ గడిలో పడిన రోజున నేను అబద్ధాలకోరునని వీరభద్రంగారికి తెలుస్తుంది. చిలకల మాట ఆయన ఇంకా మర్చిపోలేదు. దీంతో నా ఉద్యోగం సరి. నాకు ముగ్గురు పిల్లలు. మీ వదిన నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదు. "హైమ అలా చెయ్యదండీ, చిన్నప్పుడు నా ఒళ్లో పడుకున్న పిల్ల" అంటోంది. చేస్తుందే, చదువుకున్న పిల్ల, అన్నాను.

ఆ జాబితా పంపించేశాను. ఇక మార్చేది లేదు. నీ కాగితం మీద నా సంతకం ఉండదు.

కామేశం


రాజమహేంద్రవరం,
13 అక్టోబరు 1899

అన్నయ్యగారికి,

నిన్న పొద్దున్న అమ్మిరాజు వచ్చాడు. వాళ్ల నాన్న పల్లంరాజు రెండు రోజులు వేట మానుకుని పడవలో తీసుకొచ్చాడు. ఇద్దరూ పెరట్లో నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చోరు. సంతకం ఊరికే పెట్టనని, పరీక్ష చేశాకే పెడతానని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలెందుకవుతాయని అడిగాను. గోడవారనున్న అరటాకు త్రిభుజంలా చింపి, మూడు మూలలూ తుంపి పక్కపక్కన పెట్టాడు. తిన్నగా గీతలా కలిశాయి. మా అత్తగారు గుమ్మంలోంచి, "అది మధ్యాహ్నం భోజనానికి కోసిన ఆకురా నాయనా" అన్నారు. ఈ ఆకుకి సరే, అన్ని ఆకులకీ ఇంతేనని నీకెలా తెలుసన్నాను. ఆకు ముక్కల్ని అటూ ఇటూ జరిపాడు. నేను తొందరపెట్టలేదు. తర్వాత ఇసకలో ఇంకో త్రిభుజం గీసి, కొన మీదుగా, అడుగు గీతకి సమాంతరంగా మరో గీత లాగాడు. "ఈ మూల ఇక్కడ పడుద్దండి, ఆ మూల అక్కడ పడుద్దండి. మధ్యది ఎలాగూ ఉందండి. ఏ ఆకైనా అంతేనండి."

వృత్తం గురించి అడిగాను. "అది మీ కాగితాల్లో లేదండి. తెల్దండి" అన్నాడు. మీ ఇరవై ఇద్దరిలో ఎప్పుడైనా ఒక్కడు తెలియదన్నాడా అన్నయ్యగారూ?

సంతకం పెట్టాను. హైమవతి, ఎఫ్.ఏ., అని రాశాను. పల్లంరాజు "పాసవుతాడాండి?" అని అడిగాడు. నాకూ తెలియదన్నాను.

నన్ను ఆపడానికి మీరు వదిన అన్నం మానేసిన మాట రాశారు, పిల్లల మాట రాశారు. అది నాకు తగల్లేదనుకోకండి. తగిలింది. తగిలినకొద్దీ కోపం పెరిగింది. మీ పిల్లల అన్నానికీ ఇతని పరీక్షకీ ముడిపెట్టింది మీరు. విప్పే పని నాది చేశారు. అబద్ధం ఆడినప్పుడు నన్ను అడగలేదు, అది బయటపడకుండా కాయాల్సి వచ్చేసరికి నేను చెల్లెల్ని అయ్యాను.

ఈ ఉత్తరమూ ఆ కాగితమూ అమ్మిరాజు చేతికే ఇచ్చి పంపుతున్నాను. రెండో గడి ఖాళీగా ఉంది. అది లేకపోతే కాగితం చెల్లదు. గడువింకా వారం ఉంది. మీ వరండాలో నిలబడతాడు. లోపలికి రమ్మంటే వస్తాడు. అర్జీ చింపినప్పుడు మీకు ఎవరూ రెండు ముక్కలు రాసివ్వలేదు, అయినా చింపారు.

హైమవతి


రామచంద్రపురం,
18 అక్టోబరు 1899

హైమవతికి,

అమ్మిరాజు వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. రెండో గడిలో సంతకం పెట్టి తారీఖు వేశాను. నడవడి దగ్గర "మంచిది" అని రాశాను. కాగితం తపాలాలో నేనే వేశాను, కాకినాడకి.

ఇంకెవరో చెప్పేలోగా వీరభద్రంగారికి నేనే చెప్పాను, ఆ పాఠం నాది కాదని. నవ్వారు. సోమవారం నుంచి నాకు రెండో తరగతి. క్షేత్రగణితానికి పెద్దాపురం నుంచి ఎవరో వస్తున్నారు.

నువ్వు గెలిచావని సంబరపడకు. నీకోసం చెయ్యలేదు. మీ వదిన నీ పేరెత్తడం లేదు. నువ్విప్పుడు ఇటు రావద్దు.

వాడు వెళ్తూ నీ పన్నెండు కాగితాలూ నా బల్ల మీద పెట్టాడు. "ఇవి నాకింక అక్కర్లేదండి. అన్నీ వచ్చేసినాయండి" అన్నాడు. ఆ క్షణాన చెంప పగలగొట్టాలనిపించింది. రెండు రోజులు వాటిని ముట్టుకోలేదు. కొత్తగా వచ్చేవాడికి ఇమ్మని వీరభద్రంగారు అడిగితే, లేవన్నాను.

నిన్న మొదటి కాగితం చదివాను. అర్థమైంది. రెండోది మూడుసార్లు చదివాను. అర్థం కాలేదు.

నిన్ను మాత్రం అడగను.

కామేశం